పాట నెంబరు యాభై రెండు

ఇక్కడ రాయబోయేదంతా అక్షరం పొల్లుపోని నిజం. మా ఇంట్లో ఉన్న నల్లట్ట బైబిలు మీద చెయ్యేసి చెబుదామనే అనుకున్నాను. నా సంగతి తెలిసిన మా ఆవిడ దాన్ని నా చేతికివ్వనంది. "మీ కోతల్లోకి దాన్ని లాగకండి" అని అల్మరాలో పెట్టి తాళం వేసింది. అంచేత వంటింట్లో ఫోను కింద ఉండే డైరెక్టరీ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. అదీ ఏమంత తేలిక పుస్తకం కాదు. ఊళ్ళోవాళ్ళందరి పేర్లూ అందులో ఉన్నాయి. నేను అబద్ధమాడితే అందరూ కలిసి నాకే ఫోను చెయ్యొచ్చు.

ఎనభైల మొదట్లో మేం షికాగో దగ్గర అరోరాలో ఉండేవాళ్ళం. మా ఆవిడ నాన్నగారు, అంటే మా మామగారు, నరసాపురం నుంచి వచ్చి ఆర్నెల్లు మాతో ఉన్నారు. ఆయన రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. పచ్చజెండా, ఎర్రజెండా, ఈల అన్నీ రైల్వేవాళ్ళకి అప్పగించేశారు గానీ గార్డుతనం మాత్రం అప్పగించలేదు. మేం ఎక్కడికి బయల్దేరినా కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపులన్నీ లాగి చూసి, అప్పుడు వెనకసీట్లో కూర్చుని "ఇక పోనివ్వండి" అనేవారు. ఆ మాట అనేదాకా నేను కారు కదపకూడదు. ఒకసారి కదిపాను. ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు.

ఆయనకి ఒకే ఒక పట్టుదల. బాప్తిస్మం తీసుకున్నప్పటినుంచీ ఒక్క ఆదివారం కూడా ఆరాధన తప్పలేదు. గార్డు ఉద్యోగానికి ఆదివారం సెలవేముంటుంది? బండి ఎక్కడ ఆగితే అక్కడే, బ్రేకువ్యానులోనే ఆరాధన. అయితే దానికొక నియమం ఉంది. "ఒక్కడు చేసుకుంటే అది ప్రార్థనండీ. ఇద్దరుంటేనే ఆరాధన" అనేవారు. ఆ రెండోవాడి కోసం ఆయన పట్టుకోని మనిషి లేడు. గేటుమాన్‌ని కూర్చోబెట్టారు, పాయింట్స్‌మాన్‌ని కూర్చోబెట్టారు, టికెట్టు లేకుండా గూడ్సెక్కిన ఒక కాషాయం సన్యాసిని కూడా కూర్చోబెట్టారట. రెండోవాడు ఏ మతంవాడైనా ఆయనకి పట్టింపు లేదు. కళ్ళు మూసుకోవాలి, చివర్న ఆమెన్ అనాలి, అంతే. మధ్యలో కళ్ళు తెరిచాడా, వాడు లెక్కకి రాడు. ఉప్పెనొచ్చి వాళ్ళ చర్చి పైకప్పు లేచిపోయిన వారం కూడా మోకాల్లోతు నీళ్ళల్లో ఎవర్నో పట్టుకుని ఆదివారం గట్టెక్కించారని మా ఆవిడ చెబుతుంది. నమ్మాలి మరి. ఆ ఇంటికి కోతలు అల్లుడితోనే వచ్చాయి.

అరోరాలో మా తెలుగువాళ్ళ ఆరాధన సాయంత్రం అయిదింటికి. అమెరికావాళ్ళ చర్చిలో బేస్‌మెంట్ అడిగి తీసుకున్నాం. వాళ్ళ కాఫీలూ కబుర్లూ అయి కుర్చీలు ఖాళీ అయ్యాక మా వంతు. నేను బాయిలరు పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడ వెచ్చగా ఉంటుంది, ప్రసంగం వినపడదు. కళ్ళు నేనూ మూసుకునేవాణ్ణే గానీ, అది వేరే కారణంగా.

ఒక శుక్రవారం ఆఫీసులో మా మేనేజరు నా బల్ల మీద రెండు టికెట్లు పెట్టాడు. బేస్‌బాల్ చూడనివాడు అమెరికా చూడనట్టేనట. తనకి ఆ ఆదివారం వేరే పనుందట. ఊరికే వచ్చిందాన్ని వద్దనే అలవాటు మా వంశంలో లేదు.

"ఏం ఆటండీ అది?" అని అడిగారు మామగారు.

"మన క్రికెట్ లాంటిదేనండి. క్రికెట్లోంచి బుర్ర తీసేస్తే ఇది మిగుల్తుంది."

"ఎంతసేపు ఆడతారు?"

"ఒంటిగంటకి మొదలుపెడతారండి. మూడు, మహా అయితే మూడున్నర. నాలుగున్నరకల్లా మనం చర్చి మెట్ల మీద ఉంటాం మావయ్యగారూ. నాదీ పూచీ."

పక్కగదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఆయన పూచీ పడ్డారంటే భయపడాలి నాన్నా."

ఆదివారం ఆయన సూటూ టై వేసుకుని, టోపీ పెట్టుకుని తయారయ్యారు. కోటు ఒక జేబులో పాటల పుస్తకం, ఇంకో జేబులో గార్డుగా వాడిన గడియారం. ఆట నుంచి తిన్నగా ఆరాధనకే కదా అన్నారు. స్టేడియం ఉన్న పేటలో ఆటరోజుల్లో ఇళ్ళవాళ్ళే పెరళ్ళల్లో కార్లు పెట్టించుకునేవారు. జుట్టుకి ప్లాస్టిక్ చుట్టలు చుట్టుకున్న ఒక లావుపాటావిడ చీపురు ఊపుతూ మమ్మల్ని తన పెరట్లోకి పిలిచింది. ఒక కారు వెనక ఒకటి, మూతికి మూతి ఆనించి పెట్టించింది. మా కారు నట్టనడుమ పడింది.

మామగారు చుట్టూ తిరిగి చూశారు. "షంటింగ్ సరిగ్గా లేదండీ. మన బోగీ మధ్యలో ఇరుక్కుపోయింది. ఎలా లాగుతారు బయటికి?"

"ఆట అవగానే అందరూ ఒక్కసారే వచ్చేస్తారు కదండీ" అన్నాను.

"ఆయ్" అన్నారు. ఆ ఆయ్‌లో నమ్మకం లేదు.

ఇక ఆట సంగతి. ముందు ఆడేవాళ్ళ గురించి చెప్పాలి. పైజామాలు తొడుక్కుని మోకాళ్ళ కింద బిగించి కట్టుకున్నారు. సగం మందికి పొట్టలు. పెళ్ళిపందిట్లో మూడో బంతికి కూర్చునేవాళ్ళల్లా ఉన్నారే గానీ ఆటగాళ్ళల్లా లేరు. ప్రతివాడి చేతికీ ఒక తోలు చిప్ప.

"బంతి పట్టుకోడానికి దేవుడిచ్చిన చేతులు చాలవేంటండీ వీళ్ళకి?"

"నొప్పెడతాయటండి."

"పాపం" అన్నారు మామగారు. ఆ ఒక్క మాటతో రెండు జట్లనీ కొట్టిపారేశారు.

పైగా ఉమ్మడం. విసిరేవాడు ఉమ్మి విసురుతాడు, కొట్టేవాడు ఉమ్మి కొడతాడు, ఏ పనీ లేనివాడు పనిలేక ఉమ్ముతాడు. "మా స్టేషన్లలో ఇక్కడ ఉమ్మరాదు అని బోర్డులు పెట్టేవాళ్ళమండీ. వీళ్ళకి ఇక్కడ ఆడరాదు అని పెడితే సరిపోయేది" అన్నారాయన.

బంతి వంకరగా వస్తే, వెనకాల గొంతుక్కూర్చున్న అంపైరు "బాల్" అంటాడు. బంతిని బంతి అని చెప్పడానికి ఒక ఉద్యోగం, మొహానికో ఇనప జల్లెడ. అలా నాలుగుసార్లు అనిపించుకుంటే, బ్యాటు పట్టుకున్నవాడు దాన్ని అక్కడే పారేసి, చేతులూపుకుంటూ నడిచి మొదటి దిండు మీదికి వెళ్ళి నిలబడతాడు. దిండంటే నేలమీద పరిచిన తెల్లటి మెత్త. ఏమీ చెయ్యకుండా నిలబడినందుకు వాడికది బహుమానం. మా ఆఫీసులో ప్రమోషన్లు ఎలా వస్తాయో నాకు ఆ రోజే అర్థమైంది. ఏడాది చివర్న ఈ ఆటలో నెగ్గినవాళ్ళని ప్రపంచ విజేతలంటారు. ప్రపంచానికి ఆ కబురు ఇంకా అందలేదు.

ఒక బ్యాటువాడైతే టోపీ సర్దుకున్నాడు, పైజామా సర్దుకున్నాడు, ఉమ్మాడు, గోక్కున్నాడు, మళ్ళీ టోపీ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్ళి, లైన్లో నిలబడి, కాఫీ కొనుక్కుని, తాగేసి తిరిగొచ్చేసరికి వాడికి గెడ్డం మొలిచింది. డైరెక్టరీ సాక్షి.

మా పక్కసీట్లో చొక్కా విప్పేసిన ఒక మహాకాయుడు కూర్చున్నాడు. రెండు చేతుల్లోనూ బీరు. పొట్ట మీద వేరుశెనక్కాయలు పోసుకుని అక్కణ్ణించే తింటున్నాడు. మనిషి మాత్రం మంచివాడు. మామగారి దోసిట్లో ఇన్ని పోసి, ఆట వివరించడం మొదలుపెట్టాడు. ఒకడు మొదటి దిండు మీంచి రెండోదానికి పరిగెత్తి బోర్లా పడితే, అదిగో, దొంగిలించేశాడు అని అరిచాడు.

"దొంగిలించాడా? ఇంతమంది చూస్తుండగానా?" అని మామగారు నన్నడిగారు. "మరి పట్టుకోరేంటండీ?"

"పట్టుకుంటే అవుటు, పట్టుకోకపోతే చప్పట్లు మావయ్యగారూ."

"మా గూడ్సుషెడ్లోనూ అంతేలెండి" అని ఇంకో కాయ ఒలుచుకున్నారు. "కాయలు మాత్రం మన కాయల్లానే ఉన్నాయండీ."

అలా ఆరు రౌండ్లు గడిచాయి. ఈ స్టేడియంలో ఎక్కడో ఒక ఆర్గన్ ఉంది. మన చర్చిలో ఉండేలాంటిదే, ఇంకా పెద్దది. అప్పుడప్పుడూ నాలుగు స్వరాలు మోగి ఆగిపోయేది. మోగినప్పుడల్లా మామగారు కుర్చీలో నిటారుగా కూర్చునేవారు. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు. ఏడో రౌండు మధ్యలో ఆర్గన్ బారుగా అందుకుంది. అంతే, వేలమంది జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఆదివారం. ఆర్గన్. లేచి నిలబడ్డ జనం. మామగారు ఇంకేమనుకుంటారు? టోపీ తీసి చంకలో పెట్టుకుని లేచారు. కోటు జేబులోంచి పాటల పుస్తకం తీశారు. మా చర్చిల్లో పాటకి నెంబరుంటుంది. నెంబరు వినపడకపోతే పక్కవాణ్ణి అడగడం మర్యాద. ఆయన మహాకాయుడి వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు.

"వాట్ నంబర్ ప్లీజ్?"

మహాకాయుడు మైదానంలో బంతి విసిరేవాడి వీపు మీద అంకె అడుగుతున్నారనుకున్నాడు. "ఫిఫ్టీ టూ!" అని గర్వంగా అరిచాడు.

మామగారు యాభై రెండో పాట తీసి అందుకున్నారు. బారెడు గూడ్సుబండికి అవతల కొసనున్న ఇంజను డ్రైవరుకి వినిపించేలా అరిచిన గొంతు అది. జనం పాట అరనిమిషంలో అయిపోయింది, అందరూ కూర్చున్నారు. మన పాట అంత తొందరగా అవుతుందా? ప్రతి చరణానికీ పల్లవి వెనక్కి రావాలి. ఆయన ఒక్కరే నిలబడి, కళ్ళు అరమూసి, రెండో చరణంలోకి వెళ్ళారు. వెనక వరసల్లోంచి "సిడ్డౌన్!" అని కేకలు. బ్యాటువాడు పక్కకి జరిగి మా వైపు చూశాడు. అంపైరు జల్లెడ పైకెత్తి చూశాడు. నేను బూటు లేసు కట్టుకోడానికి కిందికి వంగిపోయాను. ఆ రోజు నేను వేసుకున్న బూట్లకి లేసులు లేవు.

పాటంతా పూర్తిచేసి కూర్చుని, "రాగం బాగుంది గానీ అండీ, వీళ్ళు ఒక్క చరణంతో ఆపేశారేంటి?" అన్నారు.

"మావయ్యగారూ, అది ఆరాధన కాదండీ. కూర్చుని కూర్చుని కాళ్ళు పట్టేస్తాయని లేస్తారు. ఆ పాట బేస్‌బాల్ గురించే."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నారు. "ముందే చెప్పొద్దాండీ?" అన్నారు మెల్లగా. నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తోంది. సోమవారం ఆఫీసులో దీన్ని ఎలా మొదలుపెట్టి ఎలా ముగించాలో అప్పుడే అల్లుకుంటున్నాను.

తొమ్మిది రౌండ్లతో ఆట అయిపోవాలి. అయింది. తీరా చూస్తే రెండు జట్లూ సమానం.

"అయిపోయింది కదండీ, పదండి" అని లేచారు మామగారు.

"అవలేదండీ. సమానమైతే ఎవరో ఒకరు నెగ్గేదాకా ఆడతారట."

"ఎన్నింటిదాకా?"

"టైమంటూ లేదండీ దీనికి."

ఆయన నన్ను చూసిన చూపు మర్చిపోలేను. "టైమ్‌టేబులు లేని బండెక్కించారన్నమాట నన్ను. వాళ్ళని ఆడుకోనివ్వండి, మనం పోదాం."

అప్పుడు చెప్పక తప్పలేదు. కారు ముందూ వెనకా కార్లున్నాయి. ఆ కార్లవాళ్ళంతా ఇక్కడే కూర్చుని బీరు తాగుతున్నారు. ఆట అయితేగానీ వాళ్ళు కదలరు, వాళ్ళు కదిలితేగానీ మనం కదలం. అరోరాకి గంట ప్రయాణం.

కోప్పడతారనుకున్నాను. "షంటింగ్ సరిగ్గా లేదని నేనప్పుడే అన్నానండీ" అని ఊరుకుని, గడియారం తీసి అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. పదో రౌండు. పదకొండో రౌండు. ఉమ్మారు, గోక్కున్నారు, సర్దుకున్నారు. నాలుగు దాటింది. మహాకాయుడు వేరుశెనక్కాయలిస్తే మామగారు చెయ్యి చాపలేదు. నాలుగున్నర కూడా దాటాక, నాతో కాదు, గడియారంతో అన్నట్టు అన్నారు. "ఉప్పెన ఆపలేకపోయిందండీ. ఈ పైజామాలవాళ్ళు ఆపారు."

నేను పక్కకి చూశాను. మళ్ళీ వంగుదామంటే బూట్లకి లేసులు లేవు.

ఆయనే నా వైపు తిరిగారు. "పాట అయిపోయింది కదండీ?"

"ఏ పాటండీ?"

"యాభై రెండు. పొరపాటున పాడినా పాట పాటే కదా. బైబిల్లో వాక్యం నాకు నోటికొచ్చు. ఇంక ప్రార్థనే కదండీ మిగిలింది. ఇద్దరం ఉన్నాం." టికెట్టులేని సన్యాసిని ఆయన ఎలా చూసి ఉంటారో అలా చూశారు నన్ను. "బలవంతం ఏమీ లేదండీ అల్లుడుగారూ. కళ్ళు మూసుకుంటే చాలు, మధ్యలో తెరవకుండా. నేను మిమ్మల్ని చూడను, నావీ మూసుకునే ఉంటాయి కదా. అది మీకే వదిలేస్తున్నానండీ."

ఆ అరుపుల్లోనే, నాకు మాత్రం వినిపించేలా, కొంత వాక్యం చెప్పి, నా చెయ్యి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన గూడ్సుబండిలాంటిది. ఇంజను దాటిపోయాక కూడా వ్యాగన్లు వస్తూనే ఉంటాయి. నరసాపురంలో వాళ్ళందరి కోసం చేశారు, మా ఆవిడ కోసం చేశారు, నా నాలుక కోసం ప్రత్యేకంగా చేశారు. చుట్టల జుట్టావిడకి పార్కింగు విషయంలో తెలివి ప్రసాదించమన్నారు. బంతి విసిరేవాడి భుజం నొప్పి తగ్గించమన్నారు. దిండు దొంగిలించినవాడికి మారుమనసు ఇమ్మన్నారు.

సరిగ్గా ఆ దొంగ దగ్గరున్నప్పుడే ఫట్‌మని చప్పుడైంది. నేను ఒక కన్ను సన్నగా తెరిచాను. బ్యాటు నిలువునా రెండు ముక్కలైంది. బంతి లేచింది. ఎంత ఎత్తు లేచిందంటే, దారిన పోతున్న పావురం ఒకటి తప్పుకుని దారిచ్చింది. గోడ దగ్గర బంతికి కాపలా కాసే ఆటగాళ్ళు ముగ్గురూ తోలు చిప్పలు చాపుకుని ఆకాశంకేసి చూస్తూ ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని పడిపోయారు. బంతి గోడ దాటి, వీధి దాటి, చుట్టల జుట్టావిడ పెరట్లో మా కారు టాపు మీద పడింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. జనం వెర్రెత్తినట్టు అరుస్తుండగా మామగారు "ఆమెన్" అన్నారు. నేను ఆమెన్ అన్నాను. అటుపక్కనుంచి మహాకాయుడు టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని, ఒక బీరు పైకెత్తి, మా ఇద్దరికన్నా గట్టిగా "ఆమెన్!" అన్నాడు.

పెరట్లోంచి కారు బయటికి రావడానికి ఇంకో గంట పట్టింది. మామగారు కారు చుట్టూ తిరగలేదు. తలుపులు లాగి చూడలేదు. ఎక్కి కూర్చున్నారంతే. "ఇక పోనివ్వండి" అంటారేమోనని కాసేపు ఆగాను. అనలేదు. వెనకవాడు హారన్ కొడుతుంటే కదిలించాను.

హైవే ఎక్కాం. వెనకనుంచి మాట వినిపించింది.

"చివర్లో ఏమైందండీ అల్లుడుగారూ? ఎలా ముగిసింది?"

ఆట ఎలా ముగిసిందో ఆయనకి అక్కర్లేదని నాకు తెలుసు. అద్దంలో చూస్తే ఆయన నన్ను చూడట్లేదు. అరచేతిలో గడియారాన్ని చూస్తున్నారు.

"తెలీదండీ" అన్నాను.

ఆయన గడియారం జేబులో పెట్టుకున్నారు. ఒకసారి తన పక్క తలుపు లాగి చూశారు. అప్పటికే అందరితో పాటు దూసుకుపోతున్న కారులో, వెనక్కి ఆనుకుని కూర్చుని, "ఇక పోనివ్వండి" అన్నారు.

డైరెక్టరీ మీంచి చెయ్యి తీసేముందు ఒకటి ఒప్పుకోవాలి. మీరు అనుమానిస్తున్నవి అన్నీ నిజమే. యాభై రెండో నెంబరు నిజం, మహాకాయుడి ఆమెన్ నిజం. గెడ్డం సంగతి కాస్త అటూ ఇటూ. నేను కల్పించింది ఆ చివరి దెబ్బ. బ్యాటు విరగడం, పావురం, బంతి, అంతా. కారు మీద సొట్ట సామాన్ల కొట్టు ముందు ఎవరో బండి తోసేస్తే పడింది. ప్రార్థన మధ్యలో ఫట్‌మన్న చప్పుడు విన్నాను, నిజమే. కళ్ళు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఆయనకి తెలిసేది కాదు. అందుకే తెరవలేకపోయానో, ఇంకెందుకో నాకు తెలీదు. మా ఆవిడకి ఈ సంగతి చెబితే, నిద్రపోయి ఉంటారు అంది.

సోమవారం పొద్దున్నే మేనేజరు వచ్చి ఆట ఎలా ముగిసిందని అడిగాడు. అంత దూరం వెళ్ళి, ఆఖరి క్షణాన కళ్ళు మూసుకుని కూర్చున్నానని చెబితే ఆఫీసులో నా పరువేం కావాలి? ఆ పావురం అప్పుడు పుట్టింది. మేనేజరు నా మొహంకేసి వింతగా చూశాడు. ఆట నిజంగా ఎలా ముగిసిందో పేపర్లో చదివే వచ్చి ఉంటాడు, పాపం. కాఫీ పోసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాకెప్పుడూ టికెట్లివ్వలేదు. ఆ ఆట వల్ల మనిషికి కలిగే మేలు అదొక్కటే.